బ్రేకు వేశాకే రబ్: శరీర వైకల్యంతో మళ్లీ నర్సింగ్ డ్యూటీలో చేరేవాళ్లకు

ప్రమాదం వల్లనో, పక్షవాతం వల్లనో, వెన్ను దెబ్బతినో కొంతకాలం ఇంట్లో ఉన్న నర్సు మళ్లీ డ్యూటీలో చేరతానంటే, ఇంటివాళ్ల దగ్గర్నుంచి నర్సింగ్ సూపరింటెండెంట్ దాకా అందరూ అడిగేది ఒకటే మాట: "చెయ్యగలవా?" దీనికి అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పబోతే చిక్కుల్లో పడతారు. నర్సు పనంటే ఒక పని కాదు గదా. షిఫ్టులో చేసే చిన్న చిన్న పనులన్నీ విడదీసి చూస్తే ఎప్పటిలాగే సాగేవి చాలా ఉంటాయి. పద్ధతి మార్చుకుంటే సాగేవి కొన్ని. ఎంత తిప్పలు పడ్డా సాగనివి మరికొన్ని. ఏది ఏ కుప్పలో పడుతుందో మీరు తేల్చుకోకుండా వెళ్తే అవతలివాళ్లు తమ భయాన్ని బట్టి తేల్చేస్తారు.

ముందు ఒక కాగితం

"ఇంజెక్షన్ ఇవ్వడం" అని రాసుకుంటే ఏమీ తేలదు. ఆర్డరు చదవడం, ట్రాలీ దగ్గరికి వెళ్లడం, సిరంజి కవరు చింపడం, యాంప్యూల్ (మందున్న చిన్న గాజు బుడ్డి) విరవడం, మందు లోడ్ చేయడం (సిరంజిలోకి లాగడం), లేబుల్ అంటించడం, మంచం దాకా తీసుకెళ్లడం, రోగి పేరూ నంబరూ సరిచూడటం, ఇవ్వడం, సూది డబ్బాలో పడేయడం, చార్టులో ఎక్కించడం. ఇవి పదకొండు పనులు. ఎడమ చెయ్యి పనిచేయని నర్సుకి వీటిలో కవరు చింపడం, యాంప్యూల్, లోడింగ్ దగ్గర తప్పకుండా ఆగుతుంది, ఇచ్చేటప్పుడు చర్మం పట్టుకునే చోట ఒక్కోసారి ఆగుతుంది. వీల్‌చెయిర్‌లో ఉన్న నర్సుకి ఆగేది నడిచేచోటా, తీసుకెళ్లేచోటా. ఒకే పని, ఆగే చోట్లు మాత్రం పూర్తిగా వేరు. అందుకే ఇంకొకరు రాసుకున్న కాగితం మీకు పనికిరాదు.

కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో పని. రెండోదాంట్లో ఆ పని వల్ల రోగికి చివరికి ఏం జరగాలి. మూడోదాంట్లో మీ శరీరం ఇప్పుడు దాన్ని ఎలా చేస్తుంది. నాలుగోదాంట్లో ఏం కావాలి: పరికరమా, మనిషి సాయమా, ఇంకొంచెం సమయమా. రెండో గడిని తేలిగ్గా తీసుకోవద్దు. ఉద్యోగ ప్రకటనల్లో "ఎక్కువసేపు నిలబడగలగాలి", "ఇన్ని కిలోలు ఎత్తగలగాలి" అని ఉంటుంది. అవి చేసే తీరు గురించిన మాటలు, ఫలితం గురించినవి కావు. నిలబడటం వల్ల రోగికి ఒరిగేదేమీ లేదు. మందు సరైన మోతాదులో, శుభ్రంగా, సమయానికి పడాలి, అంతే. ఇంటర్వ్యూలో ఆ షరతు చదివినప్పుడు "ఏ పని కోసం నిలబడాలండీ?" అని మర్యాదగా తిరిగి అడగండి. చాలాసార్లు అవతలివాళ్లకీ జవాబు తెలియదు. ఎప్పుడో ఎవరో రాసిన వాక్యాన్ని అలాగే మోసుకొస్తుంటారు.

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 27వ అధికరణం పని హక్కు గురించే. పనిచోట సహేతుకమైన సర్దుబాట్లు కల్పించాలని అందులో ఉంది. "సహేతుకం" అన్న మాటకు అర్థం 2వ అధికరణంలో దొరుకుతుంది: అవసరమైన, తగిన మార్పు, సంస్థ మీద మోయలేని భారం పడకుండా. మీ నాలుగో గడిలో రాసినవి ఈ కొలతకి నిలబడాలి. యాంప్యూల్ స్టాండు నిలబడుతుంది. షిఫ్టంతా మీ వెంట ఒక మనిషి తిరగాలంటే నిలబడటం కష్టం.

బరువు ఎత్తడం గురించి అందరూ వాదిస్తారు కాబట్టి ఒక లెక్క దగ్గర పెట్టుకోండి. పనిచోటి ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమెరికా సంస్థ నియోష్ బరువు సూత్రాన్ని నర్సింగ్‌కి అన్వయించి 2007లో తేల్చింది ఏమిటంటే, పరిస్థితులన్నీ అనుకూలంగా ఉన్నా రోగిని చేతులతో ఎత్తే బరువు 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు దాటకూడదు. మనిషి ఒక కాలు బరువు ఒంటి బరువులో దాదాపు ఆరో వంతు. 100 కిలోల రోగి కాలు ఒక్కటే ఎత్తి పట్టుకుంటే ఆ హద్దు వచ్చేసినట్టే. ఈ హద్దు వైకల్యం ఉన్నవాళ్లకి పెట్టింది కాదు, వెన్ను గట్టిగా ఉన్నవాళ్లకి పెట్టింది. అంటే రోగిని మంచం మీంచి కుర్చీలోకి మార్చడానికి హాయిస్టు (మనిషిని ఎత్తే యంత్రం), పైకి జరపడానికి స్లైడ్ షీటు (జారే గుడ్డ) వార్డులో అందరికీ కావాల్సినవే. "నా కోసం హాయిస్టు కొనండి" అని అడిగితే ఖర్చు లెక్కలు మొదలవుతాయి. "వార్డుకి హాయిస్టు లేదేంటండీ?" అని అడిగితే మాట వేరేగా నడుస్తుంది.

చెప్పేటప్పుడు జబ్బు పేరు కన్నా పనితీరు చెప్పడం మేలు. "నాకు వెన్నుపూస దెబ్బతింది" అంటే వినేవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు ఊహించుకుంటారు. "కూర్చుని చేసే పనికి ఇబ్బంది లేదు. ఒకచోట నిలబడితే 20 నిమిషాలు, తర్వాత 5 నిమిషాలు కూర్చోవాలి. 5 కిలోలకు మించి ఎత్తను" అంటే డ్యూటీ లిస్టు వేసే ఇన్‌చార్జ్ సిస్టర్‌కి వెంటనే పనికొస్తుంది. ఈ అంకెలు ఊహించి చెప్పొద్దు. ఫిజియోథెరపిస్టు ముందో, ఆక్యుపేషనల్ థెరపిస్టు ముందో గడియారం పెట్టుకుని కొలిపించుకోండి, అదీ ఉదయం ఒకసారి, అలసిపోయిన సాయంత్రం ఇంకోసారి. షిఫ్టు చివరి గంటలో మీ శరీరం సాయంత్రం అంకె మీద నడుస్తుంది.

నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ గడువు దాటిందేమో, రిఫ్రెషర్ కోర్సు కావాలేమో ముందే చూసుకోండి. కోర్సులో ప్రాక్టికల్స్ ఉంటాయి కాబట్టి సర్దుబాటు అడగాల్సింది మొట్టమొదట అక్కడే. చాలామంది ఉద్యోగం దగ్గర అడుగుదాంలే అని ఊరుకుని కోర్సులోనే చిక్కుకుంటారు.

ఒంటి చేత్తో మందు లోడ్ చేయడం

దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఒక చెయ్యి పనిచేయనివాళ్లు ఎక్కువ భయపడేది ఇక్కడే, తేలిగ్గా దారి దొరికేదీ ఇక్కడే.

కావాల్సినవి: జారని సిలికాన్ చాప ఒకటి, అడుగు బరువుగా ఉన్న యాంప్యూల్ స్టాండు, యాంప్యూల్ ఓపెనర్, రబ్బరు మూత ఉన్న మందు సీసాని, అంటే వయల్‌ని తలకిందులుగా పట్టి ఉంచే క్లాంపు, వయల్‌కి సిరంజిని కలిపే అడాప్టర్లు, మర బిగింపు ఉన్న లూయర్ లాక్ సిరంజిలు. టేబుల్ ఎత్తు మీ మోచేతి ఎత్తుకి సమంగా ఉండాలి. అంతకన్నా ఎత్తైతే భుజం లేచిపోయి, పది ఇంజెక్షన్లు లోడ్ చేసేసరికి మెడ పట్టేస్తుంది. మిగిలి ఉన్న మంచి చేతిని కాపాడుకోవడం ఇప్పుడు మీ మొదటి పని. రెండు చేతుల చాకిరీ అదొక్కటే చేస్తోంది.

సిరంజి కవరు అంచును బలమైన క్లిప్పు కింద బిగించి, రెండో అంచును లాగి విప్పాలి. పళ్లతో చింపడం ఇంట్లో అలవాటై ఉంటుంది, వార్డులో పొరపాటున కూడా వద్దు. యాంప్యూల్ మెడ మీద చుక్క ఉంటే దాన్ని మీవైపు తిప్పి స్టాండులో దించండి. మెడ పైభాగాన్ని ఓపెనర్‌తో పట్టుకుని చుక్కకి అవతలివైపు, అంటే మీ నుంచి దూరంగా విరవాలి. చుక్క పక్కకి తిరిగి ఉంటే గాజు మెడ దగ్గర ముక్కలు కావచ్చు, అలా అయితే ఆ యాంప్యూల్ పారేయాల్సిందే. గాజు పొడి మందులో పడకుండా ఫిల్టర్ సూదితో లాగి, ఇచ్చే ముందు సూది మార్చాలి.

లాగేటప్పుడు సిరంజి గొట్టాన్ని చిటికెన వేలూ ఉంగరం వేలూ అరచేతికి నొక్కి పట్టుకుంటాయి. బొటనవేలూ చూపుడువేలూ ప్లంజర్ పైనున్న చక్రాన్ని పైకి ఎత్తుతాయి. ప్లంజర్ కాడని మాత్రం తాకకూడదు. 2 మిల్లీలీటర్ల, 5 మిల్లీలీటర్ల సిరంజిలు ఇలా హాయిగా వస్తాయి. 10 మిల్లీలీటర్లది రెండు మూడు విడతల్లో లాగాలి. 20ది వేళ్ల మధ్య దూరానికి అందదు, దాన్ని క్లాంపులో నిలబెట్టి లాగాల్సిందే. కాబట్టి సిరంజి ఎంచుకునేటప్పుడే పట్టే చిన్నది ఎంచుకోండి.

వయల్ దగ్గర తప్పు జరిగేది గాలి విషయంలో. ఎంత మందు లాగాలో అంత గాలి ముందుగా లోపలికి పంపకపోతే వయల్ వెనక్కి లాగుతుంది. రెండు చేతులున్నవాళ్లు ఆ పోటీని బలంతో గెలుస్తారు, ఒక చేతితో గెలవలేం. అడాప్టర్ బిగించాక వయల్‌నీ సిరంజినీ కలిపి ఒకే వస్తువులా తిప్పొచ్చు. ఇక్కడ మర లేని మామూలు స్లిప్ సిరంజి వాడితే ఒత్తిడికి ఊడి మందు ముఖం మీద చిమ్ముతుంది. యాంటీబయాటిక్, కీమో మందుల దగ్గర అది చిన్న విషయం కాదు.

సూదికి మూత తిరిగి పెట్టకూడదన్నది మామూలు నియమం. తప్పనిసరైతే మూతని ట్రేలో పడుకోబెట్టి సూదితో తోడినట్టు ఎక్కించాలని నర్సులందరికీ నేర్పుతారు. గమనించారా, సురక్షితమని అందరికీ నేర్పే ఆ పద్ధతి ఒంటి చేతిదే!

ఇక కుదరనివి. యూరిన్ క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేయడంలో ఒక చెయ్యి అవయవాన్ని పట్టుకుని ఉంటుంది, అది ఇక స్టెరైల్ (క్రిమిరహితం) కాదు. రెండో చెయ్యి క్యాథెటర్‌ని దాటిస్తుంది. ఇది ఒంటి చేతితో సాగే పని కాదు, సాయం పట్టుకునే మనిషి ఉంటేనే. సిరలో ఉంచే సన్నని గొట్టం, అంటే క్యాన్యులా వేయడంలోనూ చర్మాన్ని కింద నుంచి లాగి పట్టకపోతే సిర పక్కకి దొర్లుతుంది. రక్తం తీయడం కొంచెం నయం: రెక్కల సూది వాడి, సిర దొరకగానే రెక్కల మీద టేపు వేస్తే సూది కదలదు, ఆ తర్వాత ట్యూబులు ఒక చేతితోనే మార్చుకోవచ్చు. బీపీ మెషిన్ ఉంటే స్టెతస్కోపు గొడవ తప్పుతుంది. కానీ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న రోగిలో గుండె లయ తప్పి ఉంటుంది కాబట్టి మెషిన్ అంకెని గుడ్డిగా నమ్మకూడదు, అక్కడ చేత్తో చూడాలి, పక్కవాళ్ల సాయం అడగాలి. ఇలాంటివి కాగితంలో "కుదరదు" అని రాసేయండి. దాచిపెట్టిన ఒక్క పని బయటపడితే బాగా చేస్తున్న ఇరవై పనుల మీద కూడా అనుమానం వస్తుంది.

చేతులు కడుక్కోవడం ఎలా అని ఎవరూ అడగరు గానీ ముందు అడగాల్సింది అదే. ఆల్కహాల్ రబ్ (నీళ్లు లేకుండా చేతులకి రుద్దుకునే ద్రవం) 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లతో మొత్తం 40 నుంచి 60 సెకన్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పద్ధతి రెండు చేతులు ఒకదాన్నొకటి రుద్దుకోవడం మీద ఆధారపడింది. ఒక చేతివాళ్లకి అరచేయి వెనకభాగం, వేలి కొనలు, బొటనవేలు మిగిలిపోతాయి. బలహీనంగానైనా రెండో చెయ్యో, తెగిన చేతి మొండి భాగమో ఉంటే దానికే రుద్దాలి, దాన్ని కూడా శుభ్రం చేస్తూ. పద్ధతి ఏదైనా ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుతో కూర్చుని, అతినీలలోహిత కాంతి కింద మెరిసే లోషన్ రాసుకుని పరీక్షించుకోండి. ఎక్కడ అందడం లేదో కళ్లకు కనిపిస్తుంది. ఆ పరీక్ష ఫలితం రాయించి దగ్గర పెట్టుకుంటే తర్వాత ఎవరూ వేలెత్తి చూపలేరు. మణికట్టుకి గుడ్డ పట్టీ ఉన్నవాళ్లు దాన్ని తీసి కడుక్కోగలిగితేనే రోగిని తాకే పనుల్లో ఉండాలి. తీయడానికి వీల్లేని పట్టీ అయితే అది తీసేదాకా వేరే పని చూసుకోవడమే.

వీల్‌చెయిర్‌లో వార్డు

వీల్‌చెయిర్ నర్సులు చేసే పొరపాటు ఒకటుంది, అది వాళ్ల నిర్లక్ష్యం వల్ల వచ్చింది కాదు. గది గుమ్మం దగ్గర రబ్ పంపు ఉంటుంది. అందరిలాగే అక్కడ చేతులు రుద్దుకుంటారు. తర్వాత చక్రం రిమ్ము పట్టుకుని మంచం దాకా తోసుకుంటూ వెళ్తారు. కారిడార్ అంతా తిరిగిన టైరు పక్కనే ఉన్న రిమ్ము అది. అంటే రోగి దగ్గరికి చేరేసరికి చేతులు మళ్లీ మొదటికొచ్చాయి. వరుస ఇలా ఉండాలి: మంచం పక్కకి చేరడం, బ్రేకు వేయడం, కుర్చీకి తగిలించుకున్న చిన్న సీసాలోంచి రబ్ చేసుకోవడం, అవసరమైతే గ్లవుజులు, ఆ తర్వాత రోగి. పని మధ్యలో ఒక అడుగు జరగాల్సి వచ్చినా గ్లవుజులు తీసి, జరిగి, బ్రేకు వేసి, మళ్లీ రబ్. అందుకే ట్రే, చెత్త సంచి, సూదుల డబ్బా అన్నీ బ్రేకు వేసిన చోటి నుంచి చేతికి అందేలా ముందే సర్దుకోవాలి. గ్లవుజులు వేసుకుని తోసుకుంటే సరిపోతుంది కదా అనుకోవద్దు, రిమ్ము మీదున్నది గ్లవుజు మీదికి ఎక్కుతుంది, అంతే తేడా.

క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలున్న రోగి గదిలో ఆల్కహాల్ ఆ క్రిమి స్పోర్లని (గట్టి పెంకు బీజాల్ని) చంపదు. సబ్బు నీళ్లే గతి, అంటే మీ మోకాళ్లు పట్టే సింకు ఉండాలి. రిమ్ముల్ని, బ్రేకు పిడుల్ని క్లోరిన్ ద్రావణంతో తుడవాలి, తర్వాత మంచినీళ్ల గుడ్డతో మళ్లీ తుడవాలి, లేకపోతే లోహం తుప్పు పడుతుంది. వీలైతే ఐసోలేషన్ గదుల పని వేరేవాళ్లకి ఇచ్చి వాళ్ల చార్టింగో, ఫోన్లో ఇన్వెస్టిగేషన్ రిపోర్టులు రాబట్టే పనో మీరు తీసుకోవడం ఇద్దరికీ లాభం. పనుల మార్పిడి అడిగేటప్పుడు ఎప్పుడూ ఇలాగే, ఒకటి ఇచ్చి ఒకటి తీసుకోండి. లేదంటే మూడో వారానికల్లా హ్యాండోవర్‌లో (షిఫ్టు మారేటప్పుడు పని అప్పగించే వేళ) గొణుగుడు మొదలవుతుంది.

గౌన్ వేసుకున్నప్పుడు అంచులు చక్రాల్లో పడతాయి. పక్కల నుంచి తొడల కిందికి దోపుకోవాలి, లేదా పొట్టి సైజు తెప్పించుకోవాలి. ఒళ్లో పెట్టుకుని వస్తువులు మోయడం అలవాటైపోతుంది, కానీ మందుల ట్రే కుర్చీకి బిగించే పలక మీదే ఉండాలి. వేడి నీళ్లు, బెడ్‌ప్యాన్, వాడిన సూదులు ఒళ్లోకి రానే కూడదు. తొడల మీద స్పర్శ లేనివాళ్లకి కాలినా తెలియదు.

జాగా కొలతలు ఇవి: కుర్చీ గుండ్రంగా తిరగడానికి 150 సెంటీమీటర్ల వెడల్పు, తలుపు దారి కనీసం 80 సెంటీమీటర్లు, టేబుల్ కింద మోకాళ్లు పట్టడానికి 70 సెంటీమీటర్ల ఎత్తు. చెయ్యి సుఖంగా అందేది నేల నుంచి 40 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య. మందుల అల్మరాలో మీరు వాడేవి ఆ మధ్య అరల్లో ఉంటే చాలు, అల్మరా మార్చక్కర్లేదు. ఎత్తు మారే మంచం మీ స్నేహితురాలు. రోగిని చూసేటప్పుడు దించండి, పని అయ్యాక రోగికి క్షేమమైన ఎత్తులో వదిలి బయటికి రండి. టేపు తెచ్చుకుని చేరకముందే వార్డు అంతా కొలవండి. కాగితం మీద తలుపు 90 ఉంటుంది, తీరా చూస్తే దాని వెనక లినెన్ ట్రాలీ పెట్టి ఉంటుంది.

మనం రోగులకి రోజూ చెప్పి మనకి మనం మరిచిపోయేది ప్రెషర్ రిలీఫ్, అంటే ఒకేచోట బరువు పడి పుండ్లు పడకుండా చూసుకోవడం. ప్రతి 15 నుంచి 30 నిమిషాలకి ముందుకో పక్కకో వంగి దాదాపు 2 నిమిషాలు పిర్రల మీద బరువు తగ్గించాలి. చేతుల మీద ఒళ్లు లేపి పది సెకన్లు ఆగితే రక్తప్రసారం తిరిగి రాదు, పైగా భుజాలు అరుగుతాయి. చార్టు రాసేటప్పుడు టేబుల్ మీదికి మోచేతులు ఆనించి వంగి రాస్తే రెండు పనులూ అవుతాయి. సెల్ఫ్ క్యాథెటరైజేషన్ (గొట్టంతో మూత్రం తామే తీసుకోవడం) చేసుకునేవాళ్లకి 4 నుంచి 6 గంటల గడువు ఉంటుంది, బ్రేకు టైము దానికి కలిసేలా డ్యూటీ లిస్టులో రాయించుకోండి. "బిజీగా ఉంది, తర్వాత వెళ్దాంలే" అనే మాట వెన్నుపాము ఆరో థొరాసిక్ (ఛాతీ భాగపు) స్థాయిలో గానీ అంతకు పైన గానీ దెబ్బతిన్నవాళ్లకి ప్రమాదం. మూత్రాశయం నిండి అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా వస్తే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది, తల పగిలిపోతున్నట్టు నొప్పి. పక్క నర్సుకి ఒక్క చీటీ ఇచ్చి ఉంచండి: నిటారుగా కూర్చోబెట్టు, బిగుతు బట్టలు వదులు చెయ్యి, మూత్రం ఖాళీ చేయించు, బీపీ చూస్తూ ఉండు.

కృత్రిమ కాలు, ఊతకర్రలు

రోజు గడిచేకొద్దీ మొండి కాలు సాధారణంగా కొంచెం చిక్కుతుంది. ఉదయం సరిగ్గా పట్టిన సాకెట్ (మొండి కాలు దూర్చే గట్టి తొడుగు) మధ్యాహ్నానికి వదులై ఎముక అడుగుకి గుద్దుకుంటుంది. పలచని సాక్స్ ఒకటి రెండు జేబులో ఉంచుకుని బ్రేకు టైములో పొర కలపాలి. పొరలు కలిపి కలిపి పదికి చేరితే సాకెట్‌నే మార్పించాలి. లోపల వేసుకునే మెత్తని తొడుగు, అంటే లైనర్ చెమటకి జారుతుంది, మారు లైనర్ లాకరులో ఉండాలి. షిఫ్టు అయ్యాక అద్దం పెట్టి చర్మం చూడండి. ఎరుపు 20 నిమిషాల్లో పోకపోతే మర్నాడు తొడగడానికి ముందు ఆలోచించాల్సిందే.

ఊతకర్రలతో చిక్కు చేతులు నిండిపోవడం. మోచేతికి తగిలే రకం అయితే చెయ్యి వదిలినా కర్ర వేలాడుతూ ఉంటుంది, చార్టు తిప్పడానికి వీలవుతుంది. వస్తువులు ట్రాలీ మీదే. అడుగు రబ్బరు అరిగితే తడి నేల మీద జారుతుంది, నెలకోసారి తిప్పి చూడండి. చేతి పిడి వారానికి కాదు, ప్రతి రోగి తర్వాతా తుడవాల్సిన వస్తువు.

గుండె ఆగినప్పుడు

ఇంటర్వ్యూలో చివరి అస్త్రం ఇదే: "సీపీఆర్ ఎలా చేస్తారు?" నిజాయితీగా చెప్పండి. పెద్దవాళ్లలో ఛాతీ 5 సెంటీమీటర్లు దిగాలి, 6 దాటకూడదు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. భుజాలు రోగి ఛాతీకి సరిగ్గా పైన ఉంటే గానీ ఆ లోతు రాదు. మంచం పూర్తిగా దించి, సీటు లేచే కుర్చీ అయితే కొందరికి వస్తుంది. వస్తుందో లేదో లోతు చూపించే బొమ్మ మీద పూర్తిగా 2 నిమిషాలు చేసి చూసుకోవాలి, ఎందుకంటే 2 నిమిషాలకోసారి మనిషి మారాలన్నదే పద్ధతి. రాకపోతే వాదించొద్దు.

ఛాతీ నొక్కడం ఆ గదిలో జరిగే పనుల్లో ఒకటి. శ్వాస అందించే అంబూ బ్యాగుని ఇద్దరు పట్టడమే మేలైన పద్ధతి: ఒకరు రెండు చేతులతో మాస్కు ముఖానికి నొక్కి పట్టాలి, ఇంకొకరు బ్యాగు పిండాలి. పిండటానికి ఒక్క చెయ్యి చాలు, ఒక్కో శ్వాసకి ఒక సెకను, ఛాతీ లేచేంత వరకే. డీఫిబ్రిలేటర్ ప్యాడ్లు, 3 నుంచి 5 నిమిషాలకోసారి 1 మిల్లీగ్రాము అడ్రినలిన్, గడియారం చూసి కేకేయడం, రాయడం. ఇవన్నీ మీవి కావచ్చు. మీ పాత్ర ఏదో హ్యాండోవర్‌లోనే అనుకుని ఉండాలి. అయితే ఒకటి ఒప్పుకోవాలి: నొక్కడం రాని నర్సు రాత్రిపూట ఒంటరిగా ఉండే చోట డ్యూటీ తీసుకోకూడదు. ఇది ఎవరి హక్కుల మాటా కాదు, రోగికి ఆ 2 నిమిషాల్లో ఇంకో మనిషి కావాలి.

గంటలు పెంచే తీరు

మొదటి రెండు వారాలు రోజుకు 4 గంటలు, వారానికి మూడు రోజులు, డ్యూటీ లిస్టు లెక్కలో లేని అదనపు మనిషిగా. తర్వాతి రెండు వారాలు 6 గంటలు. ఆ తర్వాతే సొంత రోగులు, అదీ సగం మంది. ఎనిమిదో వారం దాకా రాత్రి డ్యూటీ వద్దు. ఇది ఒక నమూనా మాత్రమే, అంకెలు మీ కొలతల్ని బట్టి మారతాయి. మారకూడనిది ఒకటే, గంటలూ పనిభారమూ ఒకే వారంలో పెంచొద్దు. రెండూ కలిపి పెంచి కుప్పకూలితే దేనివల్లో తేలదు. మర్నాడు పొద్దున లేచేసరికి నొప్పో వాపో తగ్గి ఉంటే సరైన మెట్టు మీద ఉన్నట్టు. తగ్గకపోతే అదే మెట్టు మీద ఇంకో వారం.

ఈ ప్లాన్‌ని చెడగొట్టేది మీ ఒళ్లు కాదు, "ఇవాళ స్టాఫ్ తక్కువ, ఈ ఒక్కరోజుకి" అనే మాట. అదనపు మనిషిని లెక్కలో కలిపేసే ఆ ఒక్కరోజు ప్రతి వార్డులోనూ వస్తుంది. ఎవరు అనుమతిస్తే తప్ప కలపకూడదో ముందే రాతలో ఉండాలి.

కండరాల బిగుతుకీ నరాల నొప్పికీ బాక్లోఫెన్, గాబాపెంటిన్, ప్రీగాబలిన్ లాంటి మందులు వాడుతుంటే మత్తు గురించి డాక్టరుతో మాట్లాడి మోతాదు వేళలు షిఫ్టుకి సర్దించుకోండి. మోతాదు పెంచిన వారంలో డ్యూటీ వేళలు మార్చుకోవద్దు. చురుగ్గా ఉంటుందని బాక్లోఫెన్ ఒక్కసారిగా మానేయడం అంతకన్నా ప్రమాదం, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు.

వార్డు కుదరకపోతే ఉన్న చోట్లు చాలా: ప్రీ ఆపరేటివ్ అసెస్‌మెంట్, టెలిఫోన్ ట్రయాజ్ (ఫోన్లో విని ఎవరికి ముందు వైద్యం కావాలో తేల్చడం), డయాబెటిస్ ఎడ్యుకేటర్, ఇన్ఫెక్షన్ కంట్రోల్, డిశ్చార్జ్ ప్లానింగ్, క్వాలిటీ ఆడిట్, కొత్త నర్సులకి శిక్షణ. వీటిని "కూర్చునే పనులు" అని చిన్నచూపు చూసేవాళ్లుంటారు. 1857లో కుప్పకూలాక ఫ్లోరెన్స్ నైటింగేల్ ఏళ్ల తరబడి చాలావరకు పడకలోంచే పనిచేసింది. ఎంచుకునేటప్పుడు మాత్రం చూడాల్సింది ఇది: కుర్చీ పని కదా అని చేరితే రోజంతా కీబోర్డు, ఒక చేతివాళ్లకి అది వార్డు కన్నా చేటు. మాట చెబితే టైపు చేసే సాఫ్ట్‌వేర్ ఇస్తారో లేదో చేరే ముందే అడగండి.

ఆఖరుది, అందరూ మరిచేది. మంటలొస్తే లిఫ్టు వాడరు. పై అంతస్తులో వీల్‌చెయిర్ నర్సు రోగుల్ని దించుతుందా, తనని ఎవరైనా దించుతారా? మంటని ఆపే తలుపుల వెనక ఆగే జాగా ఏది, మెట్ల మీద దింపే కుర్చీ ఎక్కడ తగిలించి ఉంది, దాన్ని వాడటం ఆ షిఫ్టులో ఏ ఇద్దరికి వచ్చు? పగలు అడిగితే పదిమంది చేతులెత్తుతారు. రాత్రి షిఫ్టు లిస్టు తీసుకుని అడగండి. ఆ ఇద్దరి పేర్లు లిస్టులో మీ పేరు పక్కనే రాయించుకోండి, వాళ్లలో ఒకరు సెలవు పెట్టిన రాత్రి ఎవరన్నది కూడా.